పోలీసుకు ఫోన్ చేయని వీధులు

బాల్టిమోర్‌లో సీటొచ్చిందనగానే పిల్లలు ముందు గూగుల్ తెరుస్తారు, ఆ తర్వాత సీనియర్ల వాట్సాప్ గ్రూపులో చేరతారు. అక్కడ దొరికే జాగ్రత్తలు ఏళ్ళు గడిచినా మారవు. చీకటి పడ్డాక నడవకు, యూనివర్సిటీ షటిల్ ఎక్కు. రోడ్డు మీద ఫోన్ చేత్తో పట్టుకోకు. జేబులో ఒక ఇరవై డాలర్ల నోటు పెట్టుకో, ఎవడైనా అడిగితే మారుమాట్లాడకుండా ఇచ్చెయ్. ఆ ఊరి నేరాల మీద తీసిన ‘ది వైర్’ సీరియల్ చూసినవాళ్ళయితే ఇంకో నాలుగు కలుపుతారు. ఊరికి అరగంట దూరంలో ఎలికాట్ సిటీలోనో కొలంబియాలోనో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళు మరీనూ. చుట్టాలొస్తే హార్బర్ ఒడ్డున అక్వేరియం, వేసవిలో ఒక బేస్‌బాల్ ఆట. బాల్టిమోర్ అంటే వాళ్ళకు అంతవరకే.

ఏళ్ళ తరబడి ఆ చుట్టుపక్కలే ఉంటున్న ఈ వ్యాసకర్త కూడా కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ జాగ్రత్తలే చెబుతుంటాడు. అవి తప్పేం కాదు. కాకపోతే ఊరు మాత్రం ఒక్కచోట నిలబడలేదు. 2011లో బాల్టిమోర్‌లో హత్యలు 200కు లోపే. 2015లో 340 దాటాయి. అప్పటినుంచి వరసగా ఎనిమిదేళ్ళు ఏటా 300కు తగ్గలేదు. 2024లో మళ్ళీ 201. ఊరు అదే, వీధులు అవే, పేదరికం కూడా ఇంచుమించు అంతే. మరి పెరిగినప్పుడు ఎందుకు పెరిగాయి, తగ్గినప్పుడు ఎందుకు తగ్గాయి?

ఈ ప్రశ్న అమెరికాను మొదట తికమక పెట్టింది 1990లలో. 1980ల మధ్యలో క్రాక్ కొకెయిన్ నగరాల్లోకి దిగింది. వీధి మలుపుల్లో అమ్మేవాళ్ళలో చాలామంది పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. వ్యాపారమన్నాక తగాదాలొస్తాయి: సరుకు ఎగ్గొట్టేవాడు, బాకీ తీర్చనివాడు, పక్కవాడి మలుపు ఆక్రమించేవాడు. కిరాణా కొట్టువాడికి అలాంటి తగాదా వస్తే కోర్టుంది. క్రాక్ అమ్మేవాడికి తుపాకీ ఒక్కటే ఉంది. న్యూయార్క్‌లో 1990లో 2,245 హత్యలు జరిగాయి. నేరానికే పుట్టినట్టున్న కొత్త తరమొకటి రాబోతోందని 1995లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జాన్ డియులియో హెచ్చరించాడు. ఆ తరం రానే లేదు. 2017లో న్యూయార్క్ హత్యలు 292.

నేరాలు తగ్గిన ఘనత మాదంటే మాదన్నవాళ్ళకు కొదవ లేదు. న్యూయార్క్ మేయర్ జూలియానీ, పోలీస్ కమిషనర్ బ్రాటన్ తమ కాంప్‌స్టాట్ పద్ధతిని చూపించారు. పేటపేటకూ నేరాల లెక్క తీసి ఆ పేట అధికారిని నిలదీయడం దాని సారాంశం. దేశమంతటా పోలీసు బలగం పెరగడం వల్లనేనని కొందరు, జైళ్ళు నిండడం వల్లనని కొందరు అన్నారు. పెట్రోలులో సీసం తీసేయడం వల్లనని ఇంకొందరు లెక్కలు కట్టారు. అన్నింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు, ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పదు. వేరే దారి పట్టిన శాన్‌డియాగోలోనూ అదే కాలంలో నేరాలు బాగా పడిపోయాయి. న్యూయార్క్ పోలీసులు 2011లో ఒక్క ఏడాదే ఆరు లక్షల ఎనభై వేలకు పైగా సార్లు మనుషుల్ని వీధిలో ఆపి నిలదీశారు, చాలామందిని సోదా చేశారు, ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులే. ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో కోర్టు తీర్పిచ్చింది. సోదాలు పడిపోయాయి. నేరాలు మళ్ళీ పెచ్చుమీరతాయని భయపెట్టారు గానీ, హత్యలు మొత్తమ్మీద తగ్గుతూనే వచ్చాయి.

బాల్టిమోర్ ఈ పాఠం ఇంకా ముందే నేర్చుకోవాల్సింది. 2005లో ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఊళ్ళో లక్షకు పైగా అరెస్టులు చేశారు. మెట్ల మీద కూర్చున్నా అరెస్టే, బీరు సీసా పట్టుకున్నా అరెస్టే. అయినా ఆ ఏడాది 269 హత్యలు జరిగాయి. ఆ తర్వాత వచ్చిన కమిషనర్ బీల్‌ఫెల్డ్ అరెస్టుల జోరు తగ్గించి, తుపాకీ పట్టుకుని తిరిగే కొద్దిమంది మీదే దృష్టి పెట్టాడు. 2011 నాటి మంచి అంకె ఆయన కాలంలో వచ్చిందే.

తర్వాతి పతనం కళ్ళముందే జరిగింది. 2015 ఏప్రిల్‌లో పోలీసు వ్యానులో వెన్నెముక దెబ్బతిని ఫ్రెడీ గ్రే అనే నల్లజాతి యువకుడు చనిపోయాడు. అంత్యక్రియల రోజు ఊరు భగ్గుమంది, ముప్ఫై దాకా మందుల షాపులు లూటీ అయ్యాయి, ఆ మాత్రలు వీధి బజారుకు చేరాయి. పోలీసులు కారు దిగడం మానేశారు. మే నెలలో అరెస్టులు అంతకు ముందు ఏడాది మేలో సగం కూడా లేవు. జులై ఒక్క నెలలోనే 45 హత్యలు. జనం వైపు నుంచీ తలుపు మూసుకుంది. చూసినవాడు సాక్ష్యం చెప్పడు, దెబ్బ తిన్నవాడు కేసు పెట్టడు. 2017లో తుపాకులు పట్టుకోవాల్సిన ప్రత్యేక దళంలోని పోలీసులే జనం దగ్గర డబ్బూ డ్రగ్సూ దోచుకుంటున్నారని ఫెడరల్ కేసులు పడేసరికి, ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. తమ్ముణ్ణి చంపినవాడు ఎదురింటి ముందే తిరుగుతుంటే, కేసు ఎప్పటికీ తేలదని తెలిస్తే, అన్న ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. ఒక హత్య ఇంకో హత్యకు కారణమయ్యేది అలాగే.

ఈ సంగతి మనవాళ్ళకు దూరపు వ్యవహారమేమీ కాదు. గ్యాస్ స్టేషన్లలో, చిన్న కొట్లలో రాత్రి డ్యూటీ చేసే తెలుగు విద్యార్థుల మీద కాల్పుల వార్తలు తరచూ వింటూనే ఉన్నాం. వేరే రాష్ట్రంలో ఒక కుర్రాడి అనుభవం ఈ వ్యాసకర్తకు తెలుసు. దళసరి ప్లాస్టిక్ అద్దం, దాని కింద చిల్లర జారవిడిచే ఇనప గిన్నె, వెనక సిగరెట్ అరలు, ఇదీ అతని లోకం. ఒక రాత్రి స్టోర్‌రూమ్ నుంచి వస్తుండగా ఇద్దరు తుపాకీ చూపించి గల్లా ఊడ్చుకుపోయారు. ఓనరూ తెలుగువాడే. “తమ్ముడూ, కేసు పెడితే నీ వీసా సంగతి బయటపడుద్ది. పోయింది నా డబ్బే కదా, వదిలెయ్” అన్నాడు. “సరే అన్నా” అన్నాడు కుర్రాడు. కొన్ని వారాలకు వాళ్ళే మళ్ళీ వచ్చారు, ఈసారి మొహానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. కొన్ని తీవ్రమైన నేరాల బాధితులు పోలీసులకు సహకరిస్తే యూ వీసా అడిగే వీలు చట్టంలో ఉంది. కానీ ఆ మాట కౌంటర్ వెనక నిలబడ్డవాడి చెవిన పడేది తక్కువ. ఫిర్యాదు రాదని దొంగకు ధీమా కుదిరితే, అది పశ్చిమ బాల్టిమోర్ వీధైనా, మనవాడి కొట్టైనా ఒకటే.

2020లో దేశమంతా ఈ జబ్బున పడింది. హత్యలు ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం పెరిగాయి. లెక్కలు రాయడం మొదలయ్యాక అంత పెరుగుదల ఎప్పుడూ లేదు. కోవిడ్ ప్రపంచమంతా వచ్చింది, హత్యలు ఇలా పెరిగింది మాత్రం అమెరికాలో. బడులు, ఆటస్థలాలు మూతపడ్డాయి, తుపాకుల అమ్మకాలు రికార్డు దాటాయి, పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో పోలీసుల మీద నమ్మకం ఇంకోసారి కూలింది.

ఆ తర్వాత బాల్టిమోర్ కోలుకున్న తీరు ఆసక్తికరం. తుపాకీ హింస ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదు. బాస్టన్‌లో దాదాపు ముప్ఫై ఏళ్ళ కాల్పుల్లో సింహభాగం అయిదు శాతం లోపు వీధి ముక్కల్లోనే జరిగిందని పరిశోధకులు తేల్చారు. 1996లో అక్కడే పుట్టిన ‘సీజ్‌ఫైర్’ పద్ధతిని మేయర్ బ్రాండన్ స్కాట్ 2022లో పశ్చిమ బాల్టిమోర్‌లో మొదలుపెట్టాడు. కాల్పులకు దిగే, లేదా బలయ్యే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళ పేర్లు ముందు గుర్తిస్తారు. పోలీసూ, సాయం చేసే సంస్థ మనిషీ కలిసి ఆ ఇంటి తలుపు తడతారు. చేతికి మేయర్ సంతకంతో ఉత్తరమిస్తారు. నువ్వు బతకాలి, బయట ఉండాలి, ఉద్యోగం, ఇల్లు, చదువు ఏది కావాలన్నా ఈ మనిషికి ఫోన్ చెయ్యి, తుపాకీ పేలిందా, కేసు మాత్రం వదలం అన్నది దాని సారం. గొడవలు ముదరకముందే సర్దడానికి ఆ వీధుల్లోనే పెరిగిన, కొందరు జైలుకెళ్ళొచ్చిన మనుషులు వేరే ఉన్నారు. 2023 జనవరిలో బాధ్యతలు తీసుకున్న ప్రాసిక్యూటర్ ఐవన్ బేట్స్ తుపాకీ కేసుల్లో గట్టిగా శిక్షలు అడగడం మొదలుపెట్టాడు. హత్యలు తగ్గాక ఎవరి వాటా ఎంతన్నది మేయర్ మనుషులకూ ప్రాసిక్యూటర్ మనుషులకూ మధ్య ఇంకా వాదనే. దేశమంతటా కూడా 2023, 2024లలో హత్యలు తగ్గాయి కాబట్టి పూర్తి వాటా ఎవరికీ రాదు.

ఫిలడెల్ఫియాలో ఇంకా చవకైన పని ఒకటి పనిచేసింది. చెత్త పేరుకున్న ఖాళీ స్థలాలను శుభ్రం చేసి, గడ్డి పరిచి, రెండు మూడు చెట్లు నాటి, పొట్టి చెక్క కంచె వేశారు. 541 స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి చూస్తే, బాగా పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. తుపాకీ దాచే పొదలు పోయాయి, పిల్లలూ పెద్దలూ బయట కూర్చున్నారు, వీధి మీద చూసే కళ్ళు పెరిగాయి.

బాల్టిమోర్ 2024 అంకె చూసి సంబరపడిపోవడానికీ లేదు. జనాభా లెక్కన అది న్యూయార్క్‌కు ఏడెనిమిది రెట్లు. బాల్టిమోర్ హింస నివారణకు పెట్టిన అయిదు కోట్ల డాలర్లు ఫెడరల్ కోవిడ్ సాయంలోంచి వచ్చినవి. ఆ సొమ్ము వాడుకోవడానికి గడువు 2026 చివరి వరకే. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయశాఖ దేశమంతటా ఇలాంటి పనులకిచ్చిన చాలా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. ఇక తలుపు తట్టే ఆ మనుషుల జీతాలు ఊరి ఖజానాలోంచే రావాలి. అదే ఖజానాలోంచి పోలీసు ఖాళీలూ నింపాలి, వేలకొద్దీ ఉన్న పాడుబడ్డ ఇళ్ళ సంగతీ చూడాలి.