పెద్దమ్మ పేరులో ఎన్నక్షరాలు?

పోయిన వారం ఆఫీసులో ఓ పాత ఫారం తిరగరాసే పని తగిలింది. పేరు రాసే పెట్టె కింద "ఇంకా ఇన్ని అక్షరాలు రాయొచ్చు" అని చూపించాలి, అంతే. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు పది నిమిషాల్లో చేసి పంపించేశాడు. లెక్కకి డాట్ లెంగ్త్ వాడాడు. అది చూడగానే నాకు గుండె ఝల్లుమంది. సరిగ్గా ఈ తప్పే నేను 2009లో చేశాను. ఫలితం మాత్రం మా పెద్దమ్మ అనుభవించింది.

అప్పట్లో మేము ఓ సంస్థకి సభ్యత్వ కార్డుల అప్లికేషన్ చేశాం. వివరాలు తెలుగులో ఎక్కించాలి, కార్డు తెలుగులో అచ్చవ్వాలి. బ్రౌజర్లో తెలుగు సరిగ్గా కనపడటమే గొప్ప అనుకునే రోజులవి. ఎక్స్‌పీలో ఆ కాంప్లెక్స్ స్క్రిప్ట్ టిక్కు పెట్టకపోతే ఒత్తులన్నీ విడిపోయి చెట్టుకొకటీ పుట్టకొకటీ అయిపోయేవి. నేను మాత్రం మంటనక్క, దాని మీద ఫైర్‌బగ్ పెట్టుకుని మహా దర్జాగా ఉండేవాణ్ణి. (ఫైర్‌బగ్ ఎరగని ఈ తరం వాళ్ళ కోసం: 2006లో వచ్చింది. అంతకు ముందు అడుగడుక్కీ అలర్ట్ బాక్సులు పెట్టుకుని తప్పులు వెతుక్కునేవాళ్ళం. 2017లో దాని కథ ముగిసింది గానీ, ఇవాళ ఎఫ్12 నొక్కితే తెరుచుకునే వాటిలో దాని పోలికలు బోలెడు.)

కస్టమర్ ఇచ్చిన కాగితంలో "పేరు: 16 అక్షరాలు" అని ఉంది. నేను లెంగ్త్ పదహారు దాటితే కత్తిరించేశా. టెస్టింగుకి రాము, సీత, రవి కుమార్. అన్నీ పాస్. అందరం టీ తాగాం.

మా పెద్దమ్మ పేరు వెంకట సుబ్బలక్ష్మి. ఆవిడ కూడా ఆ సంస్థలో సభ్యురాలే. కార్డు మీద "వెంకట సుబ్బలక్ష్" అని వచ్చింది.

"ఒరేయ్ నాన్నా, నా పేరు చివర ఎలక కొరికేసిందిరా" అని ఫోను చేసింది. నవ్వాను. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రేషన్ కార్డులో పేరుతో సరిపోలేదని ఆవిణ్ణి రెండు సార్లు వెనక్కి పంపారట. మోకాళ్ళ నొప్పులతో, ఊర్నించి బస్సెక్కి వెళ్ళి మరీ. "ఎవడో సరిగ్గా చదువు రానివాడు చేసుంటాడ్రా" అంది. "అయ్యుంటుంది పెద్దమ్మా" అన్నాను. అది రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

ఏం జరిగిందంటే, లక్ష్మి అనే మాటలో మనకి కనపడేవి రెండక్షరాలు. ల, క్ష్మి. కంప్యూటరుకి కనపడేవి ఏడు: ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి. డాట్ లెంగ్త్ అడిగితే ఏడనే చెప్తుంది. పెద్దమ్మ పూర్తి పేరు దాని లెక్కలో 18, మన లెక్కలో మధ్య ఖాళీతో కలిపి 8. అంటే కస్టమర్ అడిగిన పదహారులో సగమే. కాగితంలో "అక్షరాలు" అని శుభ్రమైన తెలుగులో రాసిచ్చారు పాపం, దాన్ని లెంగ్త్ అని చదువుకుంది నేను. యూటీఎఫ్-8లో దాచుకుంటే అదే పేరు 52 బైట్లు. ఒక్క పేరుకి మూడు కొలతలన్నమాట. ఎక్కడ ఏది వాడుతున్నామో తెలియకపోతే ఎలకలు కొరకడం ఖాయం.

ఇప్పుడు దీనికి బ్రౌజర్లోనే మందుంది. ఇంటల్ డాట్ సెగ్మెంటర్ అని. భాష తెలుగు అనీ, విడగొట్టాల్సింది గ్రాఫీమ్ అనీ చెప్పి పేరు చేతికిస్తే అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది. ఇదివరకు ఈ పనికి యూనికోడ్ పట్టికల్ని మోసుకొచ్చే లైబ్రరీలు తగిలించుకోవాల్సి వచ్చేది. క్రోమ్‌లో 2020 నవంబరులో వచ్చింది, సఫారీలో 2021లో. మన మంటనక్కలో మాత్రం 2024 ఏప్రిల్ దాకా రాలేదు! పాత అభిమానిగా సిగ్గేసింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఇక్కడో మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర అక్షరం తెగిపోయేది. లక్ష్మి కాస్తా ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్లో ఆ నియమం మార్చి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాల్ని కలిపి ఉంచమన్నారు. అందుకని పాత బ్రౌజర్ ఉన్న ఫోన్లో మీ లెక్క తేడాగా రావొచ్చు, అక్కడ కూడా ఓసారి చూసుకోండి.

ఇంకో సంగతి. ఇంత చేసీ, ఇన్‌పుట్ పెట్టెకి ఇచ్చే మ్యాక్స్‌లెంగ్త్ మాత్రం ఇప్పటికీ ఆ పాత లెక్కనే చూస్తుంది. ప్రమాణంలోనే అలా ఉంది. కాబట్టి దాన్ని నమ్ముకోకుండా మనమే సెగ్మెంటర్‌తో సరిచూడాలి, సర్వర్ వైపూ అదే లెక్క ఉండాలి. అలాగని అన్నీ అక్షరాల లెక్కనే నడవాలనుకోకండి. బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి ఒక్కటే పోయి మ మిగలడం నాకు ఎంత హాయో! క్ష్మి మొత్తం ఒక్క దెబ్బకి ఎగిరిపోతే తెలుగు టైపు చేసేవాళ్ళం జుట్టు పీక్కోవాలి.

సీఎస్ఎస్‌లో హ్యాజ్ సెలెక్టర్ వచ్చినప్పుడు అందరం పండగ చేసుకున్నాం, నేనూ చేసుకున్నాను. సెగ్మెంటర్ వచ్చినట్టు మాత్రం నా చుట్టుపక్కల ఒక్కరూ అనుకోలేదు. మా టీంలో సగం మంది తెలుగువాళ్ళమే, టెస్ట్ డేటాలో మాత్రం ఇప్పటికీ జాన్ స్మిత్! ఆ కుర్రాణ్ణి పిలిచి, కన్సోల్ తెరిపించి, వాళ్ళ అమ్మగారి పేరు తెలుగులో కొట్టమన్నాను. లెంగ్త్ చూశాడు, సెగ్మెంటర్ లెక్క చూశాడు, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కోడ్ మార్చుకొచ్చాడు. నేను టెస్టుల్లో మొదటి పేరుగా వెంకట సుబ్బలక్ష్మి అని చేర్చాను. ఎనిమిది వచ్చింది.

ఆ రాత్రి పెద్దమ్మకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఇన్నేళ్ళ తర్వాత. కాసేపు అవతల్నించి మాట లేదు. "నువ్వేనా వెధవా ఆ ఎలకవి!" అని ఒకటే నవ్వు. ఆ తర్వాత గొంతు మార్చి అడిగింది, "అయితే ఇప్పుడు కొత్త కార్డు ఇస్తారట్రా?"