గోదావరిఖనిలో ఒక లెన్సు కథ

గోదావరి పక్కన ఖని... కనుక గోదావరిఖని! పేరు చెప్పగానే ఊరి జాతకం తెలిసిపోతుంది కదూ?

రామగుండం స్టేషన్లో రైలు దిగేసరికి అప్పుడే తెల్లవారుతోంది. దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాలు. 1983లో మొదటి యూనిట్ మొదలుపెట్టి, 2600 మెగావాట్ల దాకా ఎదిగిన విద్యుత్ కేంద్రం అది. దాని కడుపు నింపేది ఇక్కడి బొగ్గే. ‘దసరా’ సినిమాలో (2023) మసి పూసుకున్న నానిని చూసి ఈలలు వేశారు కదా, ఆ కథ తిరిగింది ఈ బొగ్గు ఊళ్ళ చుట్టూనే. కాకపోతే ఇక్కడ మసి మేకప్ కాదు!

నేను షూటింగ్ చూడ్డానికి రాలేదు. మా మేనమామ సింగరేణిలో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన రోజుల నుంచి పనిచేసి, మర్నాడు రిటైర్ అవుతున్నాడు. ఆఖరి షిఫ్టు ముగించి బాయి నుంచి బయటికి వచ్చే ఆ ఒక్క క్షణం ఫోటో తియ్యాలి. ఇక్కడి వాళ్ళు గనిని ‘బాయి’ అనే అంటారు. హీరోగారికైతే రీటేకులు ఉంటాయి. ఆఖరి షిఫ్టుకు రీటేకు ఉండదు సుమండీ!

బావమరిది ప్రశ్న

ఇంట్లో అడుగుపెట్టానో లేదో మామ కొడుకు పట్టుకున్నాడు. “బావా, నాయిన రిటైర్మెంటు పైసల్ల కొన్ని నా కెమెరాకు ఇస్తా అన్నడు. షార్ట్ ఫిల్ములు తీస్త. సోనీ కొనాలెనా, కెనానా, నికానా?”

ఈ మూడు పేర్ల మీద కుర్రాళ్ళ వాదన ఎలా ఉంటుందో మీకు తెలుసు. అభిమాన సంఘాల పోట్లాటే! మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని. నేనూ జర్నలిస్టు దర్జా ఒలకబోస్తూ, “ముందు నా కెమెరా చూడు!” అని సంచి విప్పాను.

నాది 2018లో వచ్చిన నికాన్ డీ 3500. వచ్చే ముందు నగరంలో ఒక దుకాణంలో పాత 50 ఎం.ఎం. లెన్సు కొన్నాను, నికాన్ ‘డీ’ రకం. “పడుతుందా?” అంటే “బ్రహ్మాండంగా పడుతుంది” అన్నాడు దుకాణదారు. పడింది కూడా. టిక్కుమని బిగుసుకుంది. కానీ బటన్ నొక్కితే తెర మీద ‘ఎఫ్‌ఈఈ’ అనే అక్షరాలు! ఫోటో లేదు. బావమరిది ముందు నా పరువూ లేదు.

లక్ష్మీనగర్ గురువుగారు

సాయంత్రం ఇద్దరం లక్ష్మీనగర్ వెళ్ళాం. అక్కడ ఒక స్టూడియోలో, రీలు కెమెరాల కాలం నుంచి పెళ్ళి ఫోటోలు తీస్తున్న పెద్దాయన ఉన్నాడు. లెన్సు చేతిలోకి తీసుకుని, దాని మీదున్న ఎపర్చరు రింగును 22 అంకె దాకా తిప్పి, పక్కనున్న చిన్న తాళం వేశాడు. ఎఫ్‌ఈఈ మాయం!

“రింగు 22 కాడ లేకుంటే ఈ కెమెరా పని చెయ్యనంటది బిడ్డా. ఇంకోటి ఇను. ఆటోఫోకస్ ఆశ పెట్టుకోకు. ఈ లెన్సుల మోటరు లేదు, నీ కెమెరాల మోటరు లేదు. ఇగ తిప్పేదెవడు? నువ్వే! లెన్సు ఎక్కుడు వేరే, పని చేసుడు వేరే.”

ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

కెమెరాకూ లెన్సుకూ మధ్య ఉండే చుట్టును మౌంటు అంటారు. నికాన్ ‘ఎఫ్’ మౌంటు 1959లో పుట్టింది. పుట్టినప్పటి ఆకారం మారకుండా దశాబ్దాలు నడిచింది. అందుకే తాతగారి లెన్సు కూడా మనవడి కెమెరాకు దగ్గర దగ్గరగా ఎక్కేస్తుంది. కానీ నికాన్ కొన్ని కెమెరాల్లో మోటారు పెట్టింది, చవక రకాల్లో పెట్టలేదు. ‘డీ’ లెన్సుకు కెమెరాలోని మోటారే దిక్కు. కెనాన్ మాత్రం 1987లో పాత మౌంటును వదిలేసి ‘ఈఎఫ్’ తెచ్చింది. పాత ‘ఎఫ్‌డీ’ లెన్సులు కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు గానీ, ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సులన్నిటికీ మోటారు కడుపులోనే ఉంటుంది. ఎవరి దారి వాళ్ళది, ఎవరి కష్టం వాళ్ళది.

జాతకాలు కలవాలి

పెళ్ళి సంబంధానికి జాతకాలు చూసినట్టే, లెన్సుకు మూడు పొంతనలు చూడాలన్నాడు పెద్దాయన.

మొదటిది: ఎక్కుతుందా? రెండోది: కెమెరాతో మాట్లాడుతుందా? అంటే ఆటోఫోకస్, ఎపర్చరు కెమెరా చెప్పినట్టు వింటాయా? మూడోది: వెలుగు సెన్సారు మొత్తం మీద పడుతుందా? చిన్న సెన్సారు కోసం చేసిన లెన్సును ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు పెడితే మూలలు నల్లబడతాయి, లేదా కెమెరా మధ్య భాగాన్నే వాడుకుంటుంది. కెనాన్ ‘ఈఎఫ్-ఎస్’ లెన్సులైతే ఫుల్ ఫ్రేమ్ ఈఎఫ్ కెమెరాలకు అసలు ఎక్కనే ఎక్కవు.

“అడాప్టర్ పెడితే సరిపోదా తాతా?” అన్నాడు బావమరిది.

ఇక్కడే మిల్లీమీటర్ల గొడవ. మౌంటు నుంచి సెన్సారు దాకా దూరం నికాన్ ఎఫ్‌లో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో 44. అందుకే నికాన్ లెన్సును కెనాన్‌కు పెట్టాలంటే రెండున్నర మిల్లీమీటర్ల రింగు చాలు. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కెనాన్ లెన్సును నికాన్‌కు పెడదామంటే చోటే లేదు. మధ్యలో అద్దం ఉన్న ప్రత్యేక అడాప్టర్ లేకపోతే దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదరదు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం పెట్టె పోయింది కనుక ఈ దూరం బాగా తగ్గింది. సోనీ ‘ఈ’ 18, కెనాన్ ‘ఆర్ఎఫ్’ 20, నికాన్ ‘జెడ్’ 16. పాత లెన్సులు దాదాపు అన్నీ అడాప్టర్‌తో ఎక్కుతాయి. కానీ నికాన్ వాళ్ళ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో కూడా మోటారు లేదు. నా డీ లెన్సుకు అక్కడా చేతి తిప్పుడే గతి!

కంపెనీ కాని కంపెనీ లెన్సుల సంగతీ చూసుకోవాలి. సోనీ తన మౌంటు వివరాలు 2011లోనే ఇతరులకు ఇచ్చింది. అందుకే దానికి సిగ్మా, టామ్రాన్ లెన్సులు కుప్పలు. కెనాన్ ఆర్ఎఫ్‌కు ఆ రెండు కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు 2024లో గానీ రాలేదు, అవీ చిన్న సెన్సారు వాటికే.

మన సినిమావాళ్ళకు ఇది కొత్త కాదు. 52 మిల్లీమీటర్ల ‘పీఎల్’ మౌంటు 1980ల నుంచి ఉంది. ఆ మౌంటున్న యారీ కెమెరా పోయి రెడ్ కెమెరా వచ్చినా అవే లెన్సులు. కెమెరా అద్దె ఇల్లు, లెన్సులు సొంత సామాను! ఇల్లు మారినా సామాను వెంట వస్తుంది. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశాక, మామూలు ఫోటో కెమెరాతోనూ సినిమా తీయొచ్చని మన కుర్రాళ్ళకు ధైర్యమొచ్చింది. కానీ ధైర్యంతో పాటు మౌంటు కూడా చూసుకోవాలి మరి!

మూడు గంటల వేళ

మర్నాడు అనుమతి తీసుకుని బాయి మీదికి వెళ్ళాం. కెమెరా లోపలికి రానివ్వరు. మీథేన్ గ్యాస్ ఉండేచోట చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని బ్యాటరీ వస్తువులకు అక్కడ కట్టుదిట్టం. మేము ఇంక్లైన్ నోటి దగ్గరే నిలబడ్డాం. గాలి నిండా బొగ్గు ధూళి. “ఇక్కడ లెన్సు మార్చినవో, సెన్సారు మీద సింగరేణి తెరిచినట్టే!” అని పెద్దాయన ముందే హెచ్చరించాడు. మిర్రర్‌లెస్ అయితే మరీ జాగ్రత్త, లెన్సు తీస్తే చాలావాటిలో సెన్సారు బట్టబయలే.

ఆయన చెప్పిన ఇంకో కిటుకు: ఎపర్చరు 8, దూరం పది అడుగుల దగ్గర పెట్టేసెయ్. ఎనిమిది అడుగుల నుంచి పన్నెండు అడుగుల దాకా మనిషి ఎక్కడున్నా బొమ్మ స్పష్టం. ఇక ఆటోఫోకస్‌తో పనేముంది? నేల మీద పది అడుగుల దగ్గర బావమరిది గులకరాయి పెట్టాడు.

చీకట్లోంచి టోపీ లైట్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఏ లైటు వెనక మామ ఉన్నాడో తెలియలేదు. గుండె దడ! మోటారున్న లెన్సయినా ఆ చీకట్లో తడబడేదేమో. ఒక లైటు ఆగింది. వెనక్కి తిరిగి బాయి వైపు చూసి, చెయ్యెత్తి దండం పెట్టింది. మళ్ళీ ఇటు తిరిగి గులకరాయి దగ్గరికి వచ్చింది. నొక్కాను.

లాంపు రూములో లైటు అప్పజెప్పి వచ్చాక మామ నెత్తి తడుముకున్నాడు. బరువు తగ్గిందో, వెలితి అనిపించిందో.

ఇంతకీ ఏం కొన్నాడు?

బావమరిది వారం రోజులు తిరిగాడు. కంపెనీలను కాదు, ఊళ్ళో స్నేహితులను అడిగాడు. “మీ దగ్గర ఏ లెన్సులున్నయ్? ఒక్కరోజు ఇస్తరా?” తనతో షార్ట్ ఫిల్ములు తీసే ఇద్దరి దగ్గరా సోనీ ఈ మౌంటు లెన్సులే తేలాయి. అదే మౌంటున్న పాత బాడీ ఒకటి కొన్నాడు. డబ్బు కొంత మిగిలింది, తండ్రికి తిరిగి ఇచ్చేశాడు. మీ స్నేహితుల దగ్గర కెనాన్ ఉంటే మీరు కెనానే కొనండి. నికాన్ ఉంటే నికాన్. హీరోని ఎంచుకోకండి, కుటుంబాన్ని ఎంచుకోండి!

ఆ ఫోటో ఇప్పుడు మామగారి హాల్లో గోడ మీద ఉంది. మసి నిండిన మొహం, కళ్ళు మాత్రం తెల్లగా. వచ్చినవాళ్ళంతా బాగుందంటారు. మామ ఒక్కడే ఒప్పుకోడు.

“మొఖం కడుక్కున్నంక తియ్యరాదురా!” అంటాడు.