ఒంటరితనంలో ఆదరణ

మన సమావేశాల్లో కలిసినప్పుడు ఒకరినొకరం అడిగే మొదటి ప్రశ్న "ఎలా ఉన్నారు?" అన్నది. జవాబు కూడా అందరిదీ ఒకటే, "బాగానే ఉన్నాం." ఉద్యోగాలు, ఇళ్ళు, పిల్లల చదువులు, ఇండియా ప్రయాణాలు, వీటి గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఒంటరితనం గురించి మాత్రం ఎవరమూ నోరు విప్పం. ఇంత చదువుకుని, ఇంత దూరం వచ్చి, నాలుగు రాళ్ళు సంపాదించుకుంటూ దిగులుగా ఉందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారోనని బెరుకు. 2023 మే నెలలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తిగారు ఒంటరితనం మీద ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. నలుగురితో పొత్తు లేకపోవడం వల్ల ఆయుష్షుకు కలిగే ముప్పును రోజుకు 15 సిగరెట్లు తాగడంతో పోల్చారు అందులో. అది చదివాక, ఈ సంగతి మన పత్రికలో ఎవరో ఒకరు ఎత్తడం మంచిదనిపించి వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. నేను క్రైస్తవురాలిని. నాకు ఆదరణ దొరికింది ఆ విశ్వాసంలో గనుక దాని గురించే చెబుతాను. ఎవరినీ మతం మార్చుకోమనడం నా ఉద్దేశం కాదు. మీ ఇంట్లో ఏ దేవుడి పటం ఉన్నా, ఈ నాలుగు మాటలూ ఒక తెలుగు డాక్టరు అనుభవంగా చదవండి, చాలు.

మాది గుంటూరు. నాలుగు తరాలుగా లూథరన్ సంఘస్థులం. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి 2018లో రెసిడెన్సీకి పెన్సిల్వేనియా వచ్చాను. రెసిడెన్సీ చేసినవారికి ఆ జీవితం గురించి చెప్పనక్కరలేదు. వారానికి 80 గంటల దాకా పని. ఇంటికి వస్తే తలుపు తీసేవాళ్ళు లేరు. ఒక్క మనిషికి బియ్యం ఎంత పోయాలో తెలియక, మిగిలిన అన్నం రెండో రోజూ తినడమే. రోజంతా రోగులతో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడి, రాత్రి ఇంటికి వచ్చాక తెలుగులో ఒక్క మాట పైకి అనలేదని గుర్తొచ్చేది. అమ్మ ఫోను చేసే వేళకు నేను డ్యూటీలో, నాకు తీరికైన వేళకు ఆవిడ నిద్రలో. దిగులు ఒక్కసారిగా వచ్చి మీద పడదు. చలికాలంలో పొద్దు కుంచించుకుపోయినట్టు రోజురోజుకూ కాస్త కాస్త వెలుగు తగ్గిపోతుంది.

2020 ఏప్రిల్ చివరి వారంలో గుంటూరులో మా నాన్న గుండెపోటుతో పోయారు. అంతకు నెల ముందే భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. వెళ్ళే దారి లేదు. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదని అక్కడ నిబంధన. భూస్థాపన సాయంత్రం నాలుగు గంటలకు. అంటే ఇక్కడ ఉదయం ఆరున్నర. రాత్రి డ్యూటీ ముగింపులో, ఆసుపత్రి విశ్రాంతి గదిలో, మా తమ్ముడు పట్టుకున్న ఫోనులో చూశాను. మాస్కుల వెనక ఎవరు ఏడుస్తున్నారో కూడా తెలియలేదు. ఏడు గంటలకు ముఖం కడుక్కుని, నా రోగుల వివరాలు తరువాతి డాక్టరుకు అప్పగించి ఇంటికి వచ్చాను.

ఆ తరువాత చాలా వారాలు ప్రార్థన చేద్దామని మోకరిస్తే మాట వచ్చేది కాదు. "దేవుని చిత్తం, ధైర్యంగా ఉండు" అని బంధువులు ఫోనులో ఓదార్చేవారు. మంచి మనసుతో అన్నారే గాని, ఆ ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నాకు తోడైనది కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన. దుఃఖంతో మొదలైన కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి మళ్ళుతాయి. ఇది మళ్ళదు. చీకటి మాటతోనే ముగుస్తుంది. ఇలాంటి మొరను కూడా తీసివేయకుండా, సరిదిద్దకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, నా మౌనం కూడా ప్రార్థనగా చెల్లుతుందని నమ్మకం కలిగింది.

రెండోది ఏలీయా కథ. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం. సండే స్కూల్లో విన్నదే, కాని డాక్టరుగా చదివితే వేరుగా కనిపించింది. కర్మెలు కొండ మీద అంత విజయం సాధించిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు పారిపోతాడు. వెంట ఉన్న పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, ఒంటరిగా అరణ్యంలోకి వెళ్ళి, ఒక బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దేవుడు ఆయనను మందలించలేదు. బోధించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్ర, మళ్ళీ తిండి. ఆ తరువాతే హోరేబుకు ప్రయాణం. అక్కడ కూడా మొదట అడిగింది ఇక్కడ ఏం చేస్తున్నావని. ఆయన తన గోడు రెండుసార్లు చెప్పుకునేదాకా విన్నాడు. ఆ పైన చేయవలసిన పని చెప్పాడు, ఎలీషాను తోడుగా చూపించాడు, నువ్వు ఒక్కడివే మిగిలావనుకుంటున్నావు గాని ఇంకా ఏడువేల మంది ఉన్నారన్నాడు. తిండి, నిద్ర, వినేవాళ్ళు, పని, తోడు. మంచి వైద్యుడు ఎవరైనా ఈ వరసనే పాటిస్తాడు.

నా విషయంలోనూ అలాగే జరిగింది. మా వీధి చివరి చర్చి మూసే ఉన్నా, ఆ సంఘంలోని ఒక రిటైర్డు నర్సు వారానికి రెండుసార్లు గుమ్మం దగ్గర సూపు గిన్నె పెట్టి, గంట కొట్టి, దూరంగా నిలబడి చెయ్యి ఊపి వెళ్ళేవారు. అమ్మతో కుటుంబ ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాను. నాన్నమ్మ ఇచ్చిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీశాను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కట్టిన కీర్తనలు ఎన్నో అందులో ఉన్నాయి. పాటల పైన రాగమూ తాళమూ వేసి ఉంటాయి. ఫోనులో గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది గనుక ఇద్దరం కలిసి పాడడం కుదరదు. అమ్మ ఒక చరణం పాడి ఆగేది, నేను తరువాతి చరణం అందుకునేదాన్ని. ఒకరోజు పాట మధ్యలో "అమ్మలూ, తాళం తప్పావు, నాన్న ఉంటే ఊరుకునేవారా?" అంది. నాన్న పోయాక ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

ఇంకొకరి జీవితం కూడా నాకు బలమిచ్చింది. డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు గుంటూరు వాళ్ళందరికీ తెలిసినదే. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి, 1883లో, ఇరవై ఏడేళ్ళ వయసులో గుంటూరు వచ్చారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. మా నాన్న పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆవిడ చదువుకున్న ఊరి పక్కన నేను, నేను పుట్టిన ఊళ్ళో ఆవిడ! విమానాలు, ఫోన్లు లేని కాలంలో ఆవిడ 47 ఏళ్ళ పాటు చేసిన ప్రయాణానికి నాది తిరుగు టపా లాంటిదనుకుంటే, పరాయి ఊళ్ళో ఉన్నానన్న భావం సగం తగ్గింది.

డాక్టరుగా ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. విశ్వాసం వైద్యానికి బదులు కాదు. దుఃఖం వేరు, డిప్రెషన్ అనే జబ్బు వేరు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేక, దేనిమీదా ఆసక్తి లేక, బ్రతుకు వృథా అనిపిస్తుంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. నేనూ ఆరు నెలలు కౌన్సిలరు దగ్గరకు వెళ్ళాను. చావు ఆలోచనలు వస్తే ఆలస్యం చేయకూడదు. ఈ దేశంలో 2022 జూలై నుంచి 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. భక్తి ఉన్నవాళ్ళకు దిగులు రాదనుకోవద్దు. ఏలీయాకే వచ్చింది.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మన సభ్యుల జాబితాలో ఒంటరిగా ఉంటున్న విద్యార్థులు, రెసిడెంట్లు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న పెద్దలు ఉన్నారు. ఈ నెలలో వారిలో ఒక్కరికైనా ఫోను చేయండి. "బాగానే ఉన్నాం" అన్నాక వెంటనే పెట్టేయకుండా, అన్నం తిన్నారా, రాత్రి నిద్ర పట్టిందా అని తెలుగులో అడగండి. వీలైతే ఒక గిన్నెడు పప్పుచారు పట్టుకుని వెళ్ళండి.