పుర్రచేతికి పిడి

సూరత్‌కు నేను వెళ్లింది పెళ్లికి. మా సిరిసిల్ల వాడకట్టులోంచి ముప్పై ఏళ్ల కిందట మగ్గం పనికి పోయి, అక్కడే ఇల్లు కట్టుకున్న దోస్తు ఇంట్లో దిగాను. లింబాయత్‌లో వాళ్ల గల్లీలో నడుస్తుంటే ఒక చెవిన మరాఠీ, ఒక చెవిన తెలుగు, రెండింటి మీదుగా మరమగ్గాల మోత. సూరత్ కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మీడియంవి కూడా ఉన్నాయి. దోస్తు బిడ్డ ఐదో తరగతి దాకా అలాంటి బడిలోనే చదివింది. చలికాలం కావడంతో రాత్రి పళ్లెంలో పోంక్ పెట్టి, మీద సేవ్ చల్లి, నిమ్మకాయ పిండారు. పేరు వాళ్లది గానీ పదార్థం మనదే, లేత జొన్న కంకిని కాల్చి రాల్చిన ఊచబియ్యం.

పొద్దున చాయ్ తాగుతుంటే ఆ పిల్ల వచ్చి, "పెద్దనాయనా, కాకా దగ్గరికి పోతున్నం. నువ్వొస్తవా?" అంది. చేతిలో నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంది. అందులో ఉన్నది పిస్తోలు.

ఉలిక్కిపడనక్కర్లేదు. అది పది మీటర్ల పోటీకి వాడే ఎయిర్ పిస్తోలు. బారెల్ కింది గొట్టంలో నింపిన గాలితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోస్తుంది. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం, ఆ కొలత దాటకుండా 20 జౌళ్ల లోపు శక్తితో పేలే గాలి తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. అయినా దోస్తు ఆ పెట్టెను బండి మీద రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, చంటిపిల్లను తీసుకెళ్తున్నట్టు నడిపాడు. పాత నూలు యంత్రం ఒకటి అమ్మేసి, పోటీల నుంచి తప్పుకున్న ఒకాయన దగ్గర కొన్న స్టైర్ ఎల్‌పీ10 అది. ఇనుములో ఏ లోపమూ లేదు. ఇబ్బందల్లా దాని పిడి కుడిచేతిది, పిల్లది పుర్రచేయి.

"చిన్నప్పుడు పుర్రచేత్తో అన్నం తింటే మా అత్త వేళ్ల మీద కొట్టేది అన్నా," అంది వాళ్లమ్మ, మేం బయల్దేరుతుంటే. "ఇప్పుడు ఆ చేతికే కొలతలు తీయిస్తున్నం."

కాకా కొట్టు ఉధనా పారిశ్రామికవాడలో ఒక సందు లోపల ఉంది. ఆయన తుపాకుల మేస్త్రీ కాదు. పోత పోసే ఫౌండ్రీలకు కర్ర ప్యాటర్న్‌లు చేసి ఇచ్చేవాడు. మగ్గం భాగమో, పంపు మూతో ఇనుములో పోత పోయాలంటే ముందు దాని ఆకారం కర్రలో చెక్కాలి. చల్లారితే లోహం ఎంత కుదించుకుపోతుందో లెక్కగట్టి, ఆ మేరకు కర్రను పెద్దగా చేయాలి. అలా నలభై ఏళ్లు వెంట్రుకవాసి తేడాలతో బతికిన మనిషి. గోడ నిండా అర్ధచంద్రపు ఉలులు, ఎలుకతోక ఆకురాళ్లు. మూల బల్ల మీద సగం చెక్కిన పిడులు మూడున్నాయి, విరిగిన బొమ్మల చేతుల్లా. షూటింగ్ నేర్చుకునే పిల్లలు ఒకరిని చూసి ఒకరు రావడం మొదలుపెట్టాక ఈ పని అంటుకుంది.

మొదటి షరతు ఆయనదే. పిస్తోలు బల్ల మీదికి రాకముందే గుండు లేదని పిల్ల తెరిచి చూపించాలి. పోటీల్లో లాగే బారెల్‌లో రంగు తీగ దూర్చి ఉంచాలి. ట్రిగ్గర్‌ను, గాలి గొట్టాన్ని ఆయన ముట్టుకోడు. "లక్డీ మేరీ, లోహా తుమ్హారా" అన్నాడు. కర్ర నాది, ఇనుము మీది.

ఆ కుడిచేతి పిడిని నా రెండు చేతుల్లోనూ పట్టి చూశాను. కుడిచేత్తో పట్టుకుంటే అరచెయ్యి దాన్ని ముందే ఎరిగినట్టు ఇమిడిపోయింది. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు ఆనాల్సిన గూడు వేళ్ల వైపు పోయింది, వేళ్ల కోసం తీసిన గాడులు అరచేతి కండను పొడిచాయి. ఏడాది పాటు ఈ పిల్ల దీన్ని అరగదీసి, గుడ్డపట్టీలు చుట్టి కాల్చింది. ఎవరో ఇచ్చిన సలహా, "రెండు పక్కలా చదును చేసేయ్, ఏ చేతికైనా పనికొస్తుంది" అని. ఏ చేతికైనా పనికొచ్చేది ఏ చేతికీ కుదరదు. బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది, గుండ్లు ఒక పక్కకే పోవడం మొదలైంది.

మా తాత దున్నేటప్పుడు దాపటెద్దును వెలపట కట్టేవాడు కాదు. ఎడమ పక్క నడిచి అలవాటైన ఎద్దును కుడి పక్క కడితే కాడి మెడ మీద కాక కొమ్ముల దగ్గర కూర్చుంటుందని. ఎద్దుకు తెలిసిన ఈ సంగతి మనుషుల విషయంలో మాత్రం మనకు తట్టదు. మాటల్లోనూ అంతే. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. మన దగ్గరికి వచ్చేసరికి 'సవ్యంగా' అంటే సక్రమంగా అని స్థిరపడింది. పుర్రచేతి పిల్లలను సవ్యంగా తినమని తిట్టేవాళ్లకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది.

ఎడమచేతి పిడి అంటే కుడిచేతి పిడిని అద్దంలో చూసి చెక్కేదే కదా అనుకున్నాను. కాకా నవ్వి, ముందు పిల్ల చేతిని కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీశాడు. జర్మనీలోని రింక్ వంటి పేరున్న పిడుల తయారీదారులకూ ఇలా చేతి గీతనే పంపుతారు. తర్వాత కళ్లు. చాచిన రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, గోడ మీది క్యాలెండర్‌లో ఒక అంకెను చూడమన్నాడు. ఒక్కో కన్ను మూయిస్తే, ఎడమ కన్ను మూసినప్పుడు అంకె మాయమైంది. అంటే గురి చూసేది ఎడమ కన్నే. అదృష్టం. పుర్రచేతివాళ్లలో కుడికన్ను పెత్తనం చేసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు తల తిప్పే కోణం, పిడి కోణం, నిలబడే తీరు అన్నీ వేరే లెక్క.

కర్ర అక్రోటుది. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాకకు అంకుడు కుదురుతాయి గానీ, అంత మెత్తటి కర్ర ఇక్కడ పనికిరాదు. రోజూ చెమట తాగుతూ, కిలో బరువున్న ఇనుమును మోస్తూ ఆకారం చెడకుండా ఉండాలి. ముందురోజే కాకా అందాజుగా, ముతకగా చెక్కి పెట్టాడు. బట్టలకు వేసే నీలిమందును నూనెలో కలిపి దాని మీద పూసి పిల్ల చేతికిచ్చాడు. పట్టుకుని వదిలాక అరచేతిలో నీలం మరకలు. చూపుడువేలు అడుగున ఒకటి, చిటికెనవేలి కింద ఒకటి దట్టంగా ఉన్నాయి. మధ్యలో అరచెయ్యి తెల్లగా ఉంది, అక్కడ కర్ర ఆననే లేదు.

చూపుడువేలి అడుగున మరక ఉండకూడదు. ఆ వేలు ట్రిగ్గర్‌ను తప్ప దేన్నీ తాకకూడదు, పక్కన కర్రకు రాసుకుంటే నొక్కిన ప్రతిసారీ పిస్తోలు కదులుతుంది. అక్కడ ఆకురాయితో లోతు చేశాడు. మధ్యలో లప్పం పెట్టాడు. మన ఇళ్లల్లో పైపులు కారితే వాడే ఎం-సీలే. పిల్ల పల్చటి తొడుగు వేసుకుని, పోటీలో పట్టుకున్నంత బిగువుతో పట్టి, కదలకుండా నిలబడాలి. లప్పం గట్టిపడుతున్న కొద్దీ అరచేతి గుంటలు, మిట్టలు అందులో దిగిపోయాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎలా ఉందని కాకా అడిగితే పిల్ల, "థోడా టైట్" అంది. ఆయన తీశాడు. మళ్లీ అడిగితే, "అబ్ థోడా లూజ్." ఆయన లప్పం పెట్టాడు. ఇలా నాలుగుసార్లు అయింది. చివరికి దోస్తు విసుగొచ్చి, "తెలుగులో చెప్పరాదే!" అన్నాడు. పిల్ల కళ్లు మూసుకుని చెప్పింది. "ఉంగరపు వేలు దగ్గర ఒరుసుకుంటుంది. బొటనవేలు కింద గుచ్చుకోదు గానీ ఒత్తుతుంది. చిటికెనవేలు ఆనుతలేదు, జారుతుంది." ఒరుసుకోవడం వేరు, గుచ్చుకోవడం వేరు, ఒత్తడం వేరు. హిందీలో 'టైట్', 'లూజ్' అన్న రెండు ముక్కల కింద దాక్కున్న మూడు తప్పులు మూడుచోట్ల బయటపడ్డాయి. దోస్తు చేత్తో చూపిస్తూ వాటిని కాకాకు విడమరిచాడు. ఎంత తీయాలి అంటే, "ఒక పోగంత" అన్నాడు. నేతగాడి కొలత ప్యాటర్న్ మేస్త్రీకి వెంటనే అర్థమైంది. ఉలి ఎంత పదునైనా, చెయ్యి చెప్పగలిగినంత సన్నగానే కోస్తుంది. ఆ పూట నేను చూసిన పనితనంలో సగం ఆ పిల్ల నోట్లోనే ఉందనిపించింది.

తర్వాత కళ్ల పరీక్ష. పిస్తోలుకు పిడి బిగించి, కళ్లు మూసుకుని, చెయ్యి ఎత్తి, తెరవాలి. వెనక గాడిలో ముందు సైటు సరిగ్గా మధ్యన నిలబడి ఉండాలి. ఎడమకు ఒరిగి కనిపించింది. మణికట్టును కాస్త తిప్పితే సర్దుకుంటుంది కదా అన్నాను. అలా సర్దుకుంటూనే ఏడాది పోగొట్టుకుంది అన్నాడు దోస్తు. లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు, లక్ష్యం 10 మీటర్లు. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు సుమారు 29 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పదో వలయం మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. ఆ ఒక్క మిల్లీమీటరుతో పది ఏడవుతుంది. పోటీలో 75 నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలి. అరవైసార్లు మణికట్టుతో సర్దుకునే మనిషి నలభయ్యోసారికి మర్చిపోతుంది. పిడి వెనక ఒక పక్క తీసి, ఇంకో పక్క లప్పం వేసి కాకా కోణం తిప్పాడు. ట్రిగ్గర్ నాలుకను ఎడమచేతి వేలికి అందేలా పిల్లే మర తిప్పి సర్దుకుంది.

అంతా కుదిరిందనుకున్నాక కాకా బల్ల కింద నుంచి ప్లైవుడ్ పెట్టె తీశాడు. లోపలి కొలతలు 420, 200, 50 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం పిస్తోలు మొత్తం ఆ పెట్టెలో పట్టాలి. పట్టలేదు. అరచేతి అడుగున ఆనే పలక, షూటర్లు పామ్ షెల్ఫ్ అనేది, రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. పిల్ల ముఖం చిన్నబోయింది, ఎందుకంటే హాయిగా ఉన్నదే ఆ భాగం. నిబంధనలు చేతికి సుఖం ఇవ్వనిస్తాయి గానీ ఆసరా ఇవ్వనివ్వవు. మణికట్టు పూర్తిగా విడిగా కనిపించాలి, పిడి చేతిని చుట్టేయకూడదు, బొటనవేలు పైకి లేవడానికి అడ్డం ఉండకూడదు, పలక పైకి వంపు తిరగకూడదు. ఆ రెండు మిల్లీమీటర్లూ కాకా నిర్దాక్షిణ్యంగా కోసేశాడు. నాకైతే అదే సరైన పని అనిపించింది. పోటీ రోజున తనిఖీ బల్ల దగ్గర ఏడవడం కన్నా ఇక్కడ ఏడవడం మేలు.

కొట్టు గోడకు రెండు ఫొటోలు అంటించి ఉన్నాయి, పిల్లే తెచ్చి ఇచ్చిందట. ఒకటి హంగరీ సైనికుడు కారోలీ టకాచ్‌ది. 1938లో కుడిచేతిలో గ్రెనేడ్ పేలి ఆ చెయ్యి పాడైతే, ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణాలు గెలిచాడు. రెండోది మనీశ్ నర్వాల్‌ది. పుట్టుకతోనే కుడిచేతిలో లోపం ఉన్న ఈ హర్యానా కుర్రాడు ఎడమచేత్తో కాల్చి టోక్యో పారాలింపిక్స్‌లో 50 మీటర్ల మిశ్రమ విభాగంలో స్వర్ణం, 2024 పారిస్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో రజతం తెచ్చాడు. "వాళ్లకు కుడిచెయ్యి కుదరలేదు కాబట్టి ఎడమ. నాకు రెండూ ఉన్నా ఎడమే," అంది పిల్ల, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. వాళ్ల నాయనమ్మ దెబ్బలు ఇంకా పూర్తిగా పోలేదు.

మధ్యాహ్నం దాటింది. గుండు లేకుండానే గోడ మీది నల్ల చుక్క మీదికి పిల్ల యాభైసార్లు ట్రిగ్గర్ నొక్కింది. చెయ్యి దించినప్పుడల్లా కాకా ఆమె ముఖం చూడలేదు, అరచెయ్యి చూశాడు. ఎర్రబడ్డచోట పెన్సిల్‌తో కర్ర మీద చిన్న గుర్తు. ఇంకెక్కడా తీయలేదు, ఆ గుర్తులు మాత్రం అలాగే ఉంచాడు.

డబ్బులివ్వబోతే సగమే తీసుకున్నాడు. పని అయిపోలేదట. వట్టి కర్ర చెమట తాగి ఎక్కడ నల్లబడుతుందో చూడాలి, రెండు వేల గుండ్లు కాల్చాక మళ్లీ రమ్మన్నాడు. పిడికి నూనె పట్టించేది అప్పుడే.