గొప్పవారి వాడలో కాపురము

ఇంటి వెల యెంత యని అడిగినచో జనులు సాధారణముగా దానిని కొన్ననాడు చెల్లించిన మొత్తమునే చెప్పుదురు. ఆ మొత్తము ఒకనాటితో తీరిపోవును. ఆ యింట కాపురము చేయుటకగు వ్యయము ప్రతిమాసమును పుట్టుచుండును. దానిని గూర్చి అడుగువారు అరుదు. అడిగినను సరిగా చెప్పువారు మఱియు నరుదు. మా కొత్తకోటలో మేమెఱిగిన కుటుంబములే కొన్ని ఊరిపొలము నమ్మి హైదరాబాదులోని సంపన్నుల వాడలయందు ఇండ్లు కొనవలెనని తలపోయుచున్నవి. ఆ తలపు మా బంధువర్గములోనికిని ప్రవేశించినది. కావున ఈ విషయమున మాకు తెలిసిన లెక్కను చదువరుల యెదుట నుంచుచున్నాము.

హైదరాబాదునకు పడమటనున్న బంజారా కొండలు ఒకప్పుడు బండలును ముండ్లపొదలును గల తావు. బంజారాల పేరే ఆ చోటికి నిలిచినది. నిజాము ప్రభుత్వమున ఉద్యోగియైన మెహిదీ నవాజ్ జంగు 1930 ప్రాంతమున అచ్చట ఇల్లు కట్టుకొని, ఆ కొండలు నివాసయోగ్యములని పదుగురికి చూపెను. దాపుననున్న జూబిలీ కొండలయందు 1960 తరువాతి సంవత్సరములలో ఒక గృహనిర్మాణ సహకార సంఘము ఇండ్లస్థలములను పంచెను. నాటి నగరవాసులకు అది ఊరికి దూరపు అడవి. సహకారమను మాటతో ప్రారంభమైన ఆ వాడలో నేడు మధ్యతరగతి గృహస్థు ఒక గది అద్దెకు తీసికొనవలెనన్నను రెండుమాఱులు ఆలోచింపవలసియున్నది. అచ్చట చోటు చాలక, ఆ కొండల కవతల ప్రాకారములును కావలివారును గల క్రొత్తవాడలు వెలసినవి.

అట్టి యొక వాడలో మా మేనల్లుడు భార్యాబిడ్డలతో అద్దెకున్నాడు. అదే ప్రాకారములో సొంత యిల్లు కొనవలెనని అతని కోరిక. గడచిన వేసవిలో మేము నెలదినములు వారియింట నుంటిమి. అతడు చదువుకొన్నవాడు, కష్టపడువాడు, దుర్వ్యసనము లేనివాడు. అట్టివాడు నెలాఖరున జీతమునకును ఖర్చునకును పొత్తు కుదుర్పలేక చింతించుట చూచి, ఒక రాత్రి భోజనములైన పిమ్మట కాగితము తీసికొని అందఱము లెక్కకు కూర్చుంటిమి.

ఇల్లు 2000 చదరపు అడుగులు. వెల 2 కోట్ల రూపాయలు. 2021 జూలైలో హెచ్చించిన రేట్ల ప్రకారము తెలంగాణమున స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములు కలిపి నూటికి ఏడున్నర, అనగా 15 లక్షలు. కట్టుచుండగా కొన్నచో నూటికి 5 వంతున జీఎస్టీ మఱి 10 లక్షలు. ఈ 25 లక్షలతో ఇంటికి ఒక కిటికీయైనను అదనముగా రాలేదు. చేతిసొమ్ముపోగా బ్యాంకునుండి కోటి రూపాయలు నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి 20 సంవత్సరముల గడువున తీసికొన్నచో, నెలకు సుమారు 86,800 రూపాయలు కట్టవలెను. గడువు తీరునప్పటికి కట్టిన మొత్తము 2 కోట్ల 8 లక్షలు దాటును. అసలుకంటె వడ్డీయే హెచ్చు. దీనిపై ప్రాకారము నిర్వహణకై చదరపు అడుగునకు 4 రూపాయల చొప్పున నెలకు 8,000. ఇల్లు తనదే యైనను ఈ యద్దెవంటిది ఎన్నటికిని తీరదు.

ఇంతవఱకు కాగితమున కెక్కిన వ్యయము. కాగితమున కెక్కనిది దీనికన్న బరువైనది. ఆ వాడలో ఇరుగుపొరుగు పిల్లల జన్మదినములు నెలకు మూడో నాలుగో వచ్చును. ప్రతిదానికిని బహుమానము కొనిపోవలెను. "వారు మన బిడ్డకిచ్చినదానికి తక్కువది ఎట్లు ఇత్తుము, మామయ్యా?" అని మా కోడలుపిల్ల అడిగెను. ఆమె ఆడంబరము కోరునది కాదు. బిడ్డ తోటివారిలో చిన్నబోవునని భయపడినది. బడి అచ్చటి బిడ్డలు పోవునదే కావలెను. కారు ప్రాకారములో నిలిపిన తక్కిన కార్లసరసన నిలువవలెను. పండుగకు అతిథులను హోటలునుండి తెప్పించిన భోజనముతో ఆదరింపవలెను. వీనిలో ఏ యొక్కటియు ఎవరును ఆజ్ఞాపించినది కాదు. ఆజ్ఞయైనచో ఎదిరింపవచ్చును. ఎవరును ఆజ్ఞాపింపని కట్టుబాటును ఎదిరించుట చాల కష్టము. మన పల్లెలలో పెండ్లికట్నములును ఉత్సవపు విందులును కుటుంబములను ముంచినది ఈ మార్గముననే. వాడ మాఱినది, వ్యాధి మాఱలేదు.

ఆ యింట గిన్నెలు కడుగుటకు వచ్చు స్త్రీ మాట వినగనే మా పాలమూరు సీమదని తెలిసికొంటిమి. ఆ ప్రాకారములోని మేడలు కట్టిన కూలీలలో తన పెనిమిటియు ఒకడని ఆమె చెప్పినది. ఆమె పని చేయు మేడలో నివాసుల కొక లిఫ్టు, పనివారి కొక లిఫ్టు. గోడ కట్టిన చేతికి ఆ గోడవెంట పైకిపోవు త్రోవ వేఱు! పాలమూరు కూలీ ఈ దేశమున ఎన్ని ఆనకట్టలకు రాళ్లు మోసెనో చెప్పనలవి కాదు. మేస్త్రీ యొద్ద బయానా పుచ్చుకొని, ఇల్లు తాళమువేసి, ముసలివారిని ఊర విడిచి పోయినవాడు నాగార్జునసాగరమునకును పోయెను, పరరాష్ట్రములకును పోయెను. పాలమూరు దక్షిణపుటంచున పాఱిన కృష్ణ ఆ సాగరమున నిలిచి, నూఱు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో ఎక్కి 2004 నుండి హైదరాబాదు దప్పి తీర్చుచున్నది. ఆ నీరు చాలనప్పుడు ప్రాకారములలోనికి ట్యాంకర్లు వచ్చును. గొప్పవారి వాడలో సుఖముగా బ్రదుకుటకగు వ్యయములో కొంతభాగము ఆ వాడవారు చెల్లింపక, ఇట్లు దూరపు పల్లెలు చెల్లించుచున్నవి.

ఇది మన దేశమునకే ప్రత్యేకమైన వింత కాదు. మధ్యధరా సముద్రతీరమున మొనాకో యను చిన్నరాజ్యము కలదు; వైశాల్యము సుమారు 2 చదరపు కిలోమీటర్లు. అచ్చటి ప్రభువు 1869లో ఆదాయపు పన్నును తొలగించెను. తరువాత లోకములోని ధనికులు అచ్చట చేరిరి, ఇండ్లవెలలు ఆకాశమంటినవి. నేడు అచ్చట పనిచేయువారిలో పెక్కండ్రు ఉదయమున ఫ్రాన్సునుండియు ఇటలీనుండియు వచ్చి సాయంకాలమునకు మరలిపోవుదురు. ఆ గడ్డపై పుట్టిన పౌరులకే అద్దెలు అందకపోగా, ప్రభుత్వము వారికొఱకు ఇండ్లు కట్టించి తక్కువ యద్దెకిచ్చుచున్నది. అచ్చట పౌరునికి ఆ యూతయైన కలదు. మన నగరముల గొప్పవాడలలో వంటవానికిని తోటమాలికిని కావలివానికిని నడకదూరమున చోటు కల్పించు ఆలోచనయే అరుదు.

ఇంక మా యూరి సంగతి. కొత్తకోట హైదరాబాదునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున, కర్నూలునకు పోవు జాతీయరహదారిపై నున్నది. 2016లో వనపర్తి జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. చేనేతవారి మగ్గములు గల యూరు. ఇప్పుడు రహదారి కిరుప్రక్కల సేద్యపు భూములలో హద్దురాళ్లు పాతి, ప్లాట్లకు నగరపు పేర్లు పెట్టుచున్నారు. ఎకరములు, గుంటలు అను మాటలు పోయి గజములు వచ్చినవి. గజములలో చెప్పిన వెల విన్నవానికి, అదే నేల తనకు ఏటేట ఎంత ధాన్యమిచ్చెనో జ్ఞప్తికి రాదు. నగరపు వాడలో నివసింపకయే ఆ వాడ పరువునకు వెల చెల్లించువారు మా యూర నిట్లు పుట్టుచున్నారు.

మా మేనల్లుని లెక్కలో చేతిసొమ్మనగా వాని తల్లి, అనగా మా అక్క పేరనున్న మూడెకరములు. అవి సరళాసాగరము క్రింది భూములు. వనపర్తి సంస్థానాధీశుడు తన తల్లి పేర తలపెట్టిన ఆ సాగరము 1959లో వాడుకలోనికి వచ్చినది. నీరు నిండినంతనే తమంతట తామే పాఱు సైఫనులకు అది ప్రసిద్ధి. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినది. ఆ యేటి కష్టమును మా అక్క ఎవరికిని చెప్పుకొనక ఓర్చినది. భూమి అమ్మినచో కోటికి తక్కువ రాదని దళారి చెప్పిన మాట విని, మేము వ్రాసిన కాగితమును ఊరికి తెచ్చి ఆమెకు చదివి వినిపించితిమి. ఆమె కడదాక విని, "ఈ లెక్కలో నా మంచము ఎక్కడ వేసినారురా?" అని అడిగెను. మేనల్లుడు జవాబు చెప్పలేదు. రెండువేల అడుగులలో ఆమెకొక గది లేకపోలేదు. కాని అచ్చట ఆమెతో మాటాడువారెవరు? ఆమె చేతితో చేయదగిన పని యేది? సంవత్సరాంతమున ఆమె తనదని చెప్పుకొనదగిన గింజ యెచ్చట? ఆ భూమి యున్నంతకాలము ఆమె కుమారునకు పెట్టు తల్లి. అమ్మిన మఱునాటినుండి అతని యింట పోషింపబడు వృద్ధురాలు.

బిడ్డలు నగరమునకు పోరాదని మేము చెప్పము. ఉద్యోగమున్నచోట ఉండవలసినదే. చదువునకును వైద్యమునకును నగరమున నున్న సౌకర్యములు ఊర లేవు. మంచి యిల్లు కోరుటయు దోషము కాదు. కాని ఉద్యోగమునకు కావలసినది నగరము. ప్రాకారపు వాడ కాదు. అదే నగరమున పనికి దూరము కాని సామాన్యపు వాడలో ఇల్లు తీసికొన్నచో, అప్పు సగమగును, పొలము నిలుచును, బిడ్డకు జన్మదినపు బహుమానము భయము కాక సంతోషమగును. మా మేనల్లుడు ఈ మాట నింకను ఒప్పుకొనలేదు. ఆ కాగితమును మాత్రము పాఱవేయక తీసికొనిపోయినాడు.

చదువరులారా, మీ యింట ఇట్టి యాలోచన పుట్టినప్పుడు ఇంటి వెలతో ఆగకుడు. ఇరువది యేండ్ల వడ్డీని, సుంకములను, నిర్వహణను, పొరుగువారి కొఱకు చేయు ఖర్చును వేఱువేఱుగా వ్రాయుడు. వ్రాసినదానిని ఇంటిల్లిపాదికిని వినిపింపుడు. భూమి పట్టా ఎవరి పేర నున్నదో వారికి ముందు వినిపించి, వారు మనసార ఒప్పుకొన్న పిమ్మటనే దళారిని ఇంటికి పిలువుడు.