అలకల తరువాత అల్లరి

తగవుపడి విడిపోయినవాళ్లు మళ్లీ కలిసినప్పుడు మొదటి మాట ఏదన్నది పెద్ద చిక్కు. పాత సంగతి ఎత్తితే పుండు రేగుతుంది, ఎత్తకపోతే నటనగా తోస్తుంది. బాస్టన్ రాక్ బృందం పిక్సీస్‌కు ఈ చిక్కు 2004లో వచ్చింది. పదకొండేళ్ల ఎడబాటు తరువాత వాళ్లు విడుదల చేసిన తొలి కొత్త పాట పేరు ‘బామ్ థ్వాక్’. బొమ్మల కథల్లో ఎవడో ఎవణ్ణో గుద్దినప్పుడు పక్కన అచ్చువేసే చప్పుడులా ఉంటుంది.

విడిపోవడమూ విడ్డూరంగానే జరిగింది. గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ 1993లో ఆ కబురు ముందుగా బీబీసీ రేడియోలో చెప్పాడు. బాస్ గిటార్ వాయించే కిమ్ డీల్‌కు అది ఆ తరువాత ఫ్యాక్స్ కాగితం మీద అందింది. పాటలు రాయడంలో ఆమెకు చోటు కుంచించుకుపోవడం అప్పటికే నలుగుతున్న సంగతి.

బృందం లేకుండా పోయాక దాని కీర్తి పెరిగింది. నిర్వాణా బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ తన అతి ప్రసిద్ధ గీతం పిక్సీస్‌ను అనుకరించబోయి రాసిందేనని ఒప్పుకున్నాడు. 1999లో ‘ఫైట్ క్లబ్’ సినిమా వాళ్ల పాత పాటతోనే ముగిసింది. బతికున్న కళాకారులకు తమ గైర్హాజరీయే పోటీకి నిలవడం అరుదైన గౌరవం, కాస్త క్రూరమైనది కూడా.

అలాంటి పోటీలోకి దిగిన కొత్త పాటను రాసిందీ పాడిందీ కిమ్. దాన్ని ‘ష్రెక్ 2’ సినిమా కోసం రాస్తే ఆ సినిమావాళ్లు తీసుకోలేదు. న్యూయార్క్‌లో ఎవరో పారేసిన పిల్లల పుస్తకం ఆమె కంటబడింది. పాటలోని మాటలకు ఊపిరి అదే. మధ్యలో వినిపించే ఆర్గన్ గిటారిస్టు జోయీ శాంటియాగో మామగారిది. ఎవరి ప్రతిష్ఠా ముడిపడని ముడిసరుకు ఇదంతా. బహుశా అందుకే నలుగురూ దాని చుట్టూ చేరగలిగారు. గంభీరమైన పాటైతే ఎవరు రాయాలన్న పాత లెక్క మళ్లీ బయటికి వచ్చేది. చివరికి అది షాపుల్లో డిస్కుగా కూడా దొరకలేదు. ఐట్యూన్స్‌లో మాత్రమే వచ్చింది.

కలిసి ఆడుకున్నంత మాత్రాన అలక తీరిందనుకోవడం శ్రోతల తొందర. బృందం సొంతంగా కట్టిన తరువాతి పాట రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటికి కిమ్ వెళ్లిపోయింది. 2014లో, అభిమానులు అన్నేళ్లుగా అడుగుతున్న పూర్తి ఆల్బమ్ వచ్చింది. విన్నవాళ్లు వెంటనే దాన్ని 1989 నాటి వాళ్ల ఆల్బమ్ ‘డూలిటిల్’ పక్కన పెట్టి తూచడం మొదలుపెట్టారు.