ఒక్క డాలరు ఒప్పందం

పిల్లలూ, టెన్నిసు ఆట చూసేటప్పుడు మీ కళ్ళు ఎక్కడ వుంటాయి? బంతి మీద వుంటాయి. బంతి అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు తిరుగుతాయి. నా కళ్ళూ అంతే. కాని నా బుద్ధి మాత్రం ఇంకోవైపు పోతుంది. ఈ పోటీ పెట్టాలని మొదట అనుకున్నది ఎవరు? ఇంతమంది ఆటగాళ్ళను ఇంత దూరం రప్పించినది ఎవరు? గెలిచినవారి చేతిలో పెట్టే సొమ్ము ఎవరు సమకూర్చారు?

పెళ్ళిలో అందరూ పెళ్ళికూతురినీ, పెళ్ళికొడుకునూ చూస్తారు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డవారిని ఎవరు చూస్తారు? నాకు చిన్నప్పటినుంచీ అలాంటివారంటేనే ఇష్టం. మా బళ్ళో ఆటలపోటీలు వస్తే నేను సున్నంతో గీతలు గీసి, పలక మీద లెక్క రాసేదాన్ని. అందువల్లనే కాబోలు, గ్లాడిస్ హెల్డ్‌మన్ అనే ఆమె కథ నాకు బాగా నచ్చింది. వినండి.

గ్లాడిస్ 1922లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో పుట్టింది. తండ్రి పేరుమోసిన న్యాయవాది. గ్లాడిస్ చదువులో చురుకైనది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, ఆ తరువాత మధ్యయుగాల చరిత్ర చదువుకున్నది. ఆమె భర్త జూలియస్ రసాయన శాస్త్రజ్ఞుడు. 1936లో అమెరికా జూనియర్ టెన్నిసు విజేత కూడానూ. విచిత్రమేమంటే, గ్లాడిస్ టెన్నిసులో పడ్డది ఇద్దరు కూతుళ్ళు పుట్టిన తరువాత! అయినా పట్టుదలతో సాధన చేసి, 1954లో వింబుల్డన్ పోటీలలో ఆడింది. అక్కడ ఆమె పెద్ద విజయాలేవీ సాధించలేదు. ఆమె గొప్పతనం రాకెట్టులో లేదు, మరొకచోట వున్నది.

1953లో ఆమె "వరల్డ్ టెన్నిస్" అనే పత్రిక మొదలుపెట్టింది. పత్రిక అంటే మాటలా? వ్యాసాలు తెప్పించాలి, దిద్దాలి, బొమ్మలు కూర్చాలి, ప్రకటనలు సంపాదించాలి. పనిలో ఎక్కువ భాగం ఆమె తన నెత్తినే వేసుకున్నది. కొద్ది ఏళ్ళలో టెన్నిసు ఆడేవారంతా ఎదురుచూసే పత్రిక అయింది అది. ఎవరు ఎక్కడ ఆడుతున్నారో, ఎవరి కష్టం ఏమిటో ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

అమెరికా జాతీయ పోటీలకు విదేశాల ఆటగాళ్ళు సరిగా రావటంలేదని ఆమెకు బాధగా వుండేది. 1962లో ఆమె తెలిసినవారి దగ్గర చందాలు పోగుచేసి, తన వంతు తానూ వేసి, ఒక విమానం మొత్తాన్ని అద్దెకు మాట్లాడింది. దానిలో 80మందికి పైగా ఆటగాళ్ళు సముద్రం దాటి వచ్చి దిగారు!

ఇక అసలు కథ. 1968 వరకూ పెద్ద టెన్నిసు పోటీలలో బాహాటంగా డబ్బు బహుమతులు ఇచ్చేవారు కారు. ఇవ్వటం మొదలుపెట్టగానే ఒక అన్యాయం బయటపడింది. 1970లో లాస్ ఏంజెల్స్ నగరంలో జరగబోయే ఒక పోటీలో గెలిచిన మగవాడికి 12,500 డాలర్లు, గెలిచిన ఆడమనిషికి 1,500 డాలర్లు అని ప్రకటించారు. ఎండ ఇద్దరికీ ఒకటే, చెమట ఇద్దరికీ ఒకటే. సొమ్ము మాత్రం ఎనిమిదోవంతు!

క్రీడాకారిణులు గ్లాడిస్ దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నారు. ఆమె మాట్లాడి చూసింది, ఫలితం లేకపోయింది. "అయితే మన పోటీ మనమే పెట్టుకుందాం," అన్న నిర్ణయానికి వచ్చింది. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఆడవాళ్ళకు మాత్రమే పోటీ ఏర్పాటయింది. బహుమతుల మొత్తం 7,500 డాలర్లు.

అమెరికా టెన్నిసు సంఘం కళ్ళెర్రజేసింది. అందులో ఆడితే ఇకపై తమ పోటీలలోకి రానివ్వమని హెచ్చరించింది. ఆలోచించండి పిల్లలూ! ఆ అమ్మాయిలకు ఆటే జీవితం. కొందరు ఇరవై ఏళ్ళవాళ్ళు. ఈ పోటీ నాలుగు రోజులలో అయిపోతుంది. ఆ తరువాత ఏ గుమ్మం తెరుచుకుంటుంది?

గ్లాడిస్ ఒక ఉపాయం పన్నింది. ఆడదలచినవారందరూ తన పత్రికతో ఉద్యోగపు ఒప్పందం రాసుకోవాలి. జీతం ఎంత? ఒక్క డాలరు! 1970 సెప్టెంబరు 23న తొమ్మిదిమంది సంతకం పెట్టారు. ఏడుగురు అమెరికావాళ్ళు, ఇద్దరు ఆస్ట్రేలియావాళ్ళు. వారిలో మహావిజేత బిల్లీ జీన్ కింగ్ వున్నది. గ్లాడిస్ కూతురు జూలీ కూడా వున్నది. సంఘం అన్నంత పనీ చేసి అమెరికావాళ్ళను బహిష్కరించింది. అయినా పోటీ జరిగింది. రోజీ కాసల్స్ గెలిచింది.

అక్కడితో ఆగితే అది ఒక ముచ్చటగా మిగిలేది. గ్లాడిస్ ఆగలేదు. మరుసటి ఏడాది ఊరూరా వరసగా పోటీలు ఏర్పాటు చేసింది. 1971లో బిల్లీ జీన్ కింగ్ లక్ష డాలర్లకు పైగా సంపాదించింది. ఒక్క ఏడాదిలో అంత ఆర్జించిన క్రీడాకారిణి అంతకుముందు లేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పోటీలకు డబ్బిచ్చినది ఒక సిగరెట్ల కంపెనీ. ఆరోగ్యానికి ఆట, అనారోగ్యానికి సిగరెట్టు — రెండింటికీ ఎలా పొత్తు కుదిరిందని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆనాడు ఆడవాళ్ళ ఆటకు అంత సొమ్ము పెట్టటానికి ముందుకు వచ్చిన పెద్దసంస్థ అది.

1973లో ఆ క్రీడాకారిణులకూ సంఘానికీ రాజీ కుదిరింది. కాని ఆ రాజీ తరువాత పోటీల పెత్తనం గ్లాడిస్ చేతిలో లేకుండా పోయింది! ఇల్లు కట్టినవాళ్ళే గడప బయట నిలబడటం అంటే ఇదే. అయినా కట్టిన ఇల్లు కూలలేదు. అదే ఏడాది జూన్‌లో బిల్లీ జీన్ కింగ్ అధ్యక్షురాలిగా మహిళా టెన్నిసు సంఘం లండన్‌లో పుట్టింది. అదే ఏడాది అమెరికా ఓపెన్ పోటీలో ఆడవారికీ మగవారికీ బహుమతి సమానమయింది. వింబుల్డన్ ఆ దారికి రావటానికి 2007 దాకా పట్టింది.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2005లో సొంత ఊళ్ళోనే గెలిచిన పోటీ కూడా ఆ మహిళా సంఘం వరసలోనిదే. అంతకుముందు ఆ వరసలో సింగిల్స్ పోటీ గెలిచిన భారతీయ మహిళ లేదు. హ్యూస్టన్‌లో పడ్డ విత్తనం నీడ మన ఊరిదాకా వచ్చిందన్నమాట.

గ్లాడిస్ పేరును 1979లో అంతర్జాతీయ టెన్నిసు కీర్తిమందిరంలో చేర్చారు. ఆమె 2003లో చనిపోయింది. సంతకం పెట్టిన తొమ్మిదిమందినీ 2021లో అదే కీర్తిమందిరంలో కలిపి చేర్చారు.

మీలో కొందరు బాగా ఆడతారు, కొందరు ఆడలేరు. ఆడలేనివాళ్ళు చిన్నబుచ్చుకోకండి. మీ వీధిలో ఆడాలని వున్నా బంతి లేనివాళ్ళు ఎవరు, బంతి వున్నా చోటు దొరకనివాళ్ళు ఎవరు, మగపిల్లలు రానివ్వక గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఎవరు? ఒక కాగితం తీసుకుని వాళ్ళ పేర్లు రాయండి. గ్లాడిస్ చేసిన పని అలాంటి జాబితాతోనే మొదలవుతుంది.